మన కార్యాలయానికి ఏ రౌటరు?

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సర్వసభ్య సమావేశాల్లో మామూలుగా డి.ఏ. గురించి, మందుల బిల్లుల గురించి, 80 ఏళ్లు నిండినవారికి రావలసిన అదనపు పెన్షను గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఒక ప్లాస్టిక్ పెట్టె గురించి మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. పంచాంగం పుస్తకమంత పెట్టె. దానికి ఇంత ఉపన్యాసం దేనికని ముందు వరుసలో ఒకరిద్దరు మొహాలు చూసుకోవడం నాకు ఇక్కడి నుంచి కనబడుతూనే ఉంది.

విషయం ఏమిటంటే, మన కార్యాలయానికి రౌటరు కావాలి. కార్యవర్గం ముందు మూడు కొటేషన్లు ఉన్నాయి. మొదటిది ఉచితం. ఇంటర్నెట్టు కనెక్షను ఇచ్చేవారే పాత పెట్టె తీసుకుపోయి కొత్తది పెడతామంటున్నారు. రెండోది 14,500 రూపాయలు. బజారులో షాపువారు ఎనిమిది యాంటెన్నాలున్న పెట్టె ఒకటి చూపించారు. మూడోది 27,800. ఇందులో ఒక రౌటరు, ఒక స్విచ్చి, పైకప్పుకు బిగించే రెండు వై-ఫై పెట్టెలు, తీగ లాగే కూలి కలిసి ఉన్నాయి. ఏది కొన్నా డబ్బు సంక్షేమ నిధి నుంచే తియ్యాలి. సంక్షేమ నిధి అంటే ఆసుపత్రిలో చేరిన సభ్యుడికి మనం పంపే సొమ్ము. అందుకే కార్యవర్గంలో మాట తెగలేదు. “ఉచితంగా వచ్చేది వదిలేసి ముప్పై వేలు తగలేస్తామా?” అని కోశాధికారి గారు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. టెలిఫోన్స్‌లో 34 ఏళ్లు తీగల మధ్య బతికినవాణ్ణి గనుక జవాబు చెప్పే పని నా మీద పడింది.

గత నవంబరులో మనం పెట్టిన లైఫ్ సర్టిఫికెట్ల శిబిరం మీకందరికీ గుర్తే. జీవన్ ప్రమాణ్ పథకం 2014 నవంబరులో మొదలైనప్పటి నుంచి బ్యాంకుకు వెళ్లి వరుసలో నిలబడే అవస్థ తప్పింది. వేలిముద్ర పరికరం మీద వేలు పెట్టడం, లేదా 2021 నుంచి ఫోను కెమెరాకు మొహం చూపించడం, అంతే. కానీ ఆ వేలిముద్ర ఇక్కడి నుంచి ఆధార్ వారి కంప్యూటరు దాకా వెళ్లి, సరిపోయిందని జవాబు తిరిగి రావాలి. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటికి. మొదటి రోజు ఉదయం హాల్లో కుర్చీలు చాలలేదు. 83 ఏళ్ల ఒక ఫ్యామిలీ పెన్షనరు అమ్మగారు మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి నాలుగుసార్లు వేలు పెట్టారు. నాలుగుసార్లూ తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. “అంట్లు తోమి తోమి నా వేళ్లు అరిగిపోయాయి బాబూ, యంత్రానిదేం తప్పు” అని ఆవిడ మనకే సర్ది చెప్పారు. మధ్యాహ్నం మూడున్నరకు ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆవిడ వేళ్లకు ఏమీ కాలేదు. మర్నాడు మొదటిసారికే పని అయింది. ముందు రోజు మేడ మీద హాల్లో ఎవరిదో నిశ్చితార్థం. వచ్చినవారు నూటయాభై మంది. వై-ఫై పాస్‌వర్డ్ మన నోటీసు బోర్డు మీద, డైరీ ఆవిష్కరణ కాగితం పక్కనే, పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పైన పిల్లలు వీడియోలు చూస్తున్నారు, కింద పెద్దావిడ వేలు పెడుతున్నారు. రెండూ ఒకే పెట్టె మోయాలి. ఆ పెట్టె ముప్పై ఫోన్లు దాటితే చేతులెత్తేస్తుంది. ఇదీ జరిగింది.

అసలు ఈ పెట్టె చేసే పనేమిటో ముందు చూద్దాం. దీన్ని రూటరు అనాలా, రౌటరు అనాలా అని మొన్న ఒక మిత్రుడు అడిగారు. ఇంగ్లండు వారు రూటరు అంటారు, అమెరికా వారు రౌటరు అంటారు, మన షాపుల్లో రౌటరు అంటేనే ఇస్తారు.

మన సభ్యుల్లో ఆర్.ఎం.ఎస్.లో పనిచేసినవారు పదిమంది దాకా ఉన్నారు. రైల్లో తపాలా పెట్టెలో నిలబడి ఉత్తరాలు సార్ట్ చేసినవారు. రౌటరు చేసే పని మీరు చేసినదే. సార్టరు ఉత్తరం విప్పి చదవడు, చిరునామా మాత్రం చూస్తాడు. ఆ ఉత్తరం అమలాపురంలో ఏ వీధిలో ఏ ఇంటికి వెళుతుందో అతనికి తెలియనవసరం లేదు. తరువాత ఏ సంచిలో పడాలో తెలిస్తే చాలు. ఎదురుగా గూళ్లు, చేతిలో సార్టింగు లిస్టు. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చాక పని ఇంకా తేలికైంది. మొదటి అంకె 5 అయితే మన వైపు. మొదటి మూడంకెలు చూస్తే ఏ సార్టింగు జిల్లాయో తెలిసిపోతుంది. ఇంటర్నెట్టులో సమాచారం కూడా చిన్న చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. ప్రతి ముక్క మీద చిరునామా అంకెల్లో ఉంటుంది. రౌటరు దగ్గర పట్టిక ఉంటుంది. అంకెలు చూసి తరువాతి మజిలీకి విసిరేస్తుంది. మా పాత టెలిఫోను కాలుకూ దీనికీ తేడా అదే. ట్రంకు కాలు కలిసిందంటే మాట్లాడినంతసేపు ఆ లైను మొత్తం మీదే. ఇక్కడ లైను ఎవరిదీ కాదు, అందరి ముక్కలూ కలిసే వెళతాయి. అందుకే పైన నిశ్చితార్థం జరిగితే కింద వేలిముద్ర ఆగింది.

ఇలాంటి యంత్రాల్లో మొదటివి 1969లో అమెరికాలో పెట్టారు. ఒక్కొక్కటి బీరువా అంత ఉండేది. ఆ ఏడాది అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు ‘లాగిన్’ అన్న మాట పంపబోయారు. ఇంగ్లీషులో రెండు అక్షరాలు చేరేసరికి అవతలి కంప్యూటరు కూలబడింది. మన శిబిరంలో జరిగినదానికి అంత పాత సంప్రదాయం ఉందన్నమాట. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టు వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చింది 1995 ఆగస్టు 15న. పిన్ కోడూ ఆగస్టు 15నే, ఇంటర్నెట్టూ ఆగస్టు 15నే.

రౌటరు ఇంకొక పని కూడా చేస్తుంది. దాన్ని ఆఫీసుల్లో పనిచేసినవారు నాకంటే బాగా అర్థం చేసుకుంటారు. ఇంటర్నెట్టు చిరునామాల పాత పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు. ప్రపంచంలో ఫోన్లూ కంప్యూటర్లూ అంతకు మించిపోయాయి. పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఆరో వెర్షను చిరునామాలు వచ్చాయి గానీ, పాతవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మరి మన కార్యాలయంలో నాలుగు కంప్యూటర్లు, ఇరవై ఫోన్లు ఒకే చిరునామా మీద ఎలా నడుస్తున్నాయి? టపాలు సెక్షను లాగ. ఏ గుమాస్తా రాసిన ఉత్తరమైనా బయటికి ఆఫీసు పేరు మీదే వెళుతుంది. డిస్పాచ్ రిజిస్టరులో మాత్రం ఇది ఫలానా సీటుదని నెంబరు పడుతుంది. జవాబు వస్తే ఆ నెంబరు చూసి ఆ సీటుకు పంపుతారు. రౌటరు లోపల అచ్చంగా అలాంటి రిజిస్టరే ఉంటుంది. మనం రాయని ఉత్తరానికి జవాబంటూ ఎవడైనా వస్తే ఏ సీటుకూ పంపదు, గుమ్మంలోనే ఆపుతుంది. అంటే అది సార్టరూ, టపాలు గుమాస్తా, గుమ్మం దగ్గర దర్వానూ కూడా. ముగ్గురి పని చేసేదాన్ని ఉచితంగా వచ్చిందని పెట్టుకోవడమా, చూసి పెట్టుకోవడమా అన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

షాపుకు వెళ్లే ముందు మన అవసరం ఎంతో లెక్క వెయ్యాలి. నేనూ, సహాయ కార్యదర్శి గారూ కూర్చుని లెక్క వేశాం. కంప్యూటర్లు నాలుగు. ప్రింటరు ఒకటి. వేలిముద్ర పరికరాలు రెండు. సీసీ కెమెరాలు నాలుగు. శిబిరం రోజుల్లో సభ్యుల ఫోన్లు యాభై. పైన ఫంక్షను ఉంటే ఇంకో నూటయాభై. నెలకొకసారి రాష్ట్ర సంఘంతో వీడియో సమావేశం. ఆ సమావేశానికి సెకనుకు మూడు నాలుగు మెగాబిట్లు చాలు. వేలిముద్రకైతే అంత కూడా అక్కర్లేదు, కాని తెగకుండా వెళ్లాలి. మన కనెక్షను 100 మెగాబిట్లది. మనకు అది ఎక్కువే. కనెక్షను పెంచితే సరిపోతుందని కొందరు అన్నారు. గుమ్మం ఇరుకైతే వీధి వెడల్పు చేసి ఏం లాభం?

ఇక పెట్టెల మీది అంకెల సంగతి. వై-ఫై పెట్టె మీద 1200 అని పెద్దగా రాసి ఉంటుంది. 1200 మెగాబిట్లు కాబోలు అనుకుంటాం. ఇలాంటి పెట్టెలో వై-ఫై రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఇంకొకటి. ఆ పెట్టెకు మొదటిదాని మీద గరిష్ఠంగా 300, రెండోదాని మీద 867. రెండూ కూడితే 1167. దాన్ని సున్నాలు చూసుకుని 1200 చేశారు. మీ ఫోను మామూలుగా ఒక సమయంలో ఒకదాని మీదే ఉంటుంది. ఆ 867 కూడా పక్కనే నిలబడితే కాగితం మీద వచ్చే లెక్క. ఇంకా చిత్రమేమిటంటే, ఇలాంటి చవక పెట్టెలు చాలావాటికి వెనక తీగ పెట్టే రంధ్రం 100 మెగాబిట్లదే. బయటి నుంచి లోపలికి 100 కంటే రాదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్న చందం.

రెండో కొటేషనులోని ఎనిమిది యాంటెన్నాల పెట్టె మీద 5400 అని ఉంది. అదీ కూడికే: 4804కు 574 కలిపితే 5378, అది 5400 అయింది. ఆ 4804 అందుకోవాలంటే ఫోనులోనూ నాలుగు యాంటెన్నాలు ఉండాలి. మన చేతుల్లో ఉన్నవాటిలో సాధారణంగా ఉండేవి రెండు. అది ఆటలాడే కుర్రవాళ్ల ఇంటికి మంచి పెట్టె, నేను కాదనను. మా మనవడు చూస్తే ఎగిరి గంతేస్తాడు. మన మేడకు అది సరిపోదు. ఎందుకంటే ఎన్ని యాంటెన్నాలున్నా అది కూర్చునేది ఒక్క చోటే.

మన భవనం పాతది. గోడలు తొమ్మిది అంగుళాలు, స్లాబు మందం. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగమైనదే గాని గోడ దాటడానికి మొహమాటపడుతుంది. 2.4 గోడలు దాటుతుంది, కాని అక్కడ రద్దీ ఎక్కువ. ఒకదానికొకటి అడ్డం రాని చానళ్లు మూడే. పక్క దుకాణాల వై-ఫైలు, బ్లూటూత్‌లు, మైక్రోవేవ్ పొయ్యిలు కూడా అక్కడే కూర్చుంటాయి. ఇప్పుడున్న పెట్టెను మనం ఎక్కడ పెట్టాం? దొంగలు పడతారని ఇనప బీరువా మీద, గోడ మూలకు, వెనక పాత లెడ్జర్ల కట్టలు పెట్టి. ఇనుము తరంగాన్ని మింగుతుందీ, తిప్పికొడుతుందీ. ఇంటి దగ్గర కూడా చూసుకోండి, చాలామంది రౌటరును టీవీ వెనకనో, బీరువా పక్కనో దాస్తారు. ఇంటి మధ్యలో, మనిషి ఛాతీ ఎత్తుకు పైన, నాలుగు వైపులా ఖాళీగా ఉన్నచోట పెడితే సగం ఫిర్యాదులు పోతాయి. దానికి పైసా ఖర్చు లేదు.

కార్యాలయానికి మాత్రం సరైన పద్ధతి, రౌటరు వేరు, వై-ఫై పంచే పెట్టెలు వేరు. రౌటరు గదిలో తాళం కింద ఉంటుంది. పైకప్పుకు కింద ఒకటి, మేడ మీద ఒకటి గొడుగుల్లాంటివి బిగిస్తారు. వాటికి తీగ వెళుతుంది. ఆ తీగలోనే కరెంటూ వెళుతుంది. మా పాత టెలిఫోను తీగలో మాటా, 48 వోల్టులూ కలిసి వచ్చినట్టే. అందుకు తగిన స్విచ్చి కావాలి. మూడో కొటేషనులో ఉన్న సామాను ఇదే. వై-ఫై తరాల్లో ఆరోది చాలు. ఒకే సమయంలో చాలా ఫోన్లకు వంతులు పంచడం దానికి బాగా వచ్చు, మనకు కావలసింది అదే. ఏడోది 2024లో వచ్చింది. దాని ధర ఇంకా దిగాలి, మన ఫోన్లలో దాన్ని అందుకునేవి ఎన్నో లేవు.

ఇప్పటిదాకా చెప్పింది సౌకర్యం. అసలు నన్ను భయపెట్టినది వేరే ఉంది.

మన కార్యాలయం కంప్యూటర్లలో ఏముంది? సభ్యుల పి.పి.ఓ. నెంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఆధార్ నెంబర్లు, ఫోను నెంబర్లు, పుట్టిన తేదీలు, నామినీల పేర్లు. ఒక మోసగాడు పెన్షనరుకు ఫోను చేసి, “బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ పి.పి.ఓ. నెంబరు ఇదీ, మీ పుట్టిన తేదీ ఇదీ, లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఒక ఓ.టి.పి. చెప్పండి” అంటే నమ్మనివారు మనలో ఎంతమంది? ఆ నెంబర్లన్నీ ఉన్న కంప్యూటరూ, పైన ఫంక్షనుకు వచ్చిన ఎవరెవరివో ఫోన్లూ ఈనాటికీ ఒకే నెట్‌వర్కులో ఉన్నాయి. ఒకే హాల్లో ఒక పక్క పెళ్లి భోజనాలు, ఇంకో పక్క ట్రెజరీ గల్లాపెట్టె తెరిచి పెట్టినట్టు. ఫంక్షనులకు వచ్చేవారు దొంగలని నేను అనడం లేదు. వాళ్ల ఫోనుల్లో ఏం దూరి ఉందో వాళ్లకే తెలియదు. పైగా మన కనెక్షను మీద ఎవరు ఏ తప్పుడు పని చేసినా పోలీసువారికి కనబడే చిరునామా మన సంఘానిది. వచ్చి అడిగేది మన కార్యదర్శి గారిని.

ఇవి ఊహలని ఎవరైనా అంటారేమో. 2016లో ‘మిరాయ్’ అని ఒక వైరసు బయలుదేరింది. అది చేసిన గొప్ప పనేమీ లేదు. ఇంటర్నెట్టుకు తగిలించి ఉన్న కెమెరాలు, రౌటర్లు వెతికి, కంపెనీ వాళ్లు మొదట పెట్టి పంపే పాస్‌వర్డులు అరవై చిల్లర వరసగా ప్రయత్నించింది. ‘అడ్మిన్’, ‘12345’ వంటివి. లక్షల పెట్టెలు తెరుచుకున్నాయి, ఎందుకంటే కొన్నవారు ఎవరూ వాటిని మార్చలేదు. అలాంటి పెట్టెల చేత 2016 అక్టోబరు 21న ఒక్కసారిగా ఒక సంస్థ మీద దాడి చేయిస్తే అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందలేదు. ఆ వైరసు రాసినవారు ఇరవై, ఇరవయ్యొక్క ఏళ్ల కుర్రాళ్లు ముగ్గురు. 2017 డిసెంబరులో నేరం ఒప్పుకున్నారు. 2018 మేలో ఇంకొకటి బయటపడింది. 54 దేశాల్లో 5 లక్షలకు పైగా రౌటర్లలో దూరి కూర్చున్నది అది. అందరూ మీ ఇంట్లో రౌటరు ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండని అమెరికా ఎఫ్.బి.ఐ. వారే ప్రజలకు చెప్పవలసి వచ్చింది. అవి ఇళ్లల్లోనూ, మనలాంటి చిన్న ఆఫీసుల్లోనూ ఉండే పెట్టెలు.

కాబట్టి నేను రౌటరులో మొదట చూసేది వేగం కాదు. ఒకే పెట్టెతో రెండు మూడు వేరు వేరు నెట్‌వర్కులు నడపగలదా? కార్యాలయానిది ఒకటి, హాలుకు వచ్చే అతిథులది ఒకటి, కెమెరాలది ఒకటి. ఒకదాని నుంచి ఇంకొకదానిలోకి తొంగి చూడటానికి వీలుండకూడదు. అతిథులది ఎంత వేగం దాటకూడదో కట్టడి చేయగలగాలి, ఆ పూటకు మాత్రమే పనికొచ్చే పాస్‌వర్డ్ ఇవ్వగలగాలి. ఉచితంగా వచ్చే పెట్టెలో అతిథి వై-ఫై అనేది ఉందన్నారు. కాని దాన్ని సరిగా విడదీసే అధికారం మన చేతిలో లేదు. లోపలి అమరికల తాళం కనెక్షను ఇచ్చేవారి దగ్గరే ఉంటుందట. అడిగితే ఫోను చెయ్యండి, చూస్తాం అన్నారు. మన గుమ్మం తాళం చెవి ఇంకొకరి దగ్గర పెట్టుకుని, వాళ్ల సెలవు రోజుల్లో మనం శిబిరాలు పెట్టలేం.

రెండోది, రౌటరు ఆయుర్దాయం. రౌటరుకు కూడా పదవీ విరమణ ఉంది. పెన్షను మాత్రం లేదు. లోపల ఉండే ప్రోగ్రాములో లోపాలు బయటపడుతూ ఉంటాయి, కంపెనీ వాళ్లు సవరణలు పంపుతూ ఉంటారు. కొన్నేళ్లకు ఆపేస్తారు. ఆ తరువాత పెట్టె దీపాలు వెలుగుతూనే ఉంటాయి, నెట్టూ వస్తూనే ఉంటుంది, కాని తాళం పాడైన తలుపు అది. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుంచి ఒక చట్టం అమలులో ఉంది. అందరికీ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మకూడదు, సవరణలు కనీసం ఎంతకాలం ఇస్తారో ముందే చెప్పాలి. మన దేశంలోనూ రౌటర్లు టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటరు వారి తప్పనిసరి పరీక్షల పథకం కిందికి వచ్చాయి. ఆ ధ్రువీకరణ ఉందా అని అడగవచ్చు. సవరణలు ఏ సంవత్సరం దాకా వస్తాయో కాగితం మీద రాసి ఇమ్మని మూడు చోట్లా అడిగాం. రెండో షాపువారు “అవన్నీ ఎవరు అడుగుతారు సార్” అన్నారు. మూడోవారు కంపెనీ కాగితం తెచ్చి చూపించారు. సగం నిర్ణయం నాకు అక్కడే అయిపోయింది.

మూడోది కరెంటు. పాత రోజుల్లో ఊరంతా చీకటైనా ల్యాండ్ లైను మోగేది, గుర్తుందా? ఆ విద్యుత్తు మా ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి వచ్చేది. రాత్రిళ్లు ఆ బ్యాటరీలకు నీళ్లు పోసి, తూకం చూసి రిజిస్టరులో రాసినవాళ్లలో నేనొకణ్ణి. ఇప్పుడు వచ్చేది గాజు తీగ. గాజులో వెలుతురు వస్తుంది గాని కరెంటు రాదు. మన దగ్గర కరెంటు పోతే గాజు తీగ పెట్టే పెట్టె, రౌటరు రెండూ ఆరిపోతాయి. చిన్న యు.పి.ఎస్.లు దొరుకుతున్నాయి, పన్నెండు వోల్టులవి. రెండు వేల లోపే. మనది ఇంటి సామానుకంటే కాస్త ఎక్కువ తింటుంది గనుక ఒక పెద్ద బ్యాటరీది తీసుకుందాం. మూడో కొటేషనులోని రౌటరుకు రెండు కనెక్షన్లు తగిలించే వీలుంది. ఒకటి తెగితే దానంతట అదే రెండోదాని మీదికి మారుతుంది. రెండోది ఇంకొక కంపెనీది, అన్నిటికంటే చవకైన పథకం, అక్టోబరు, నవంబరు రెండు నెలలకే తీసుకుంటే చాలు. రెండూ ఒకే స్తంభం మీద నుంచి రాకుండా మాత్రం చూసుకోవాలి. కొమ్మ విరిగితే రెండూ తెగుతాయి.

ఇక తాళం చెవుల సంగతి. పోస్టాఫీసు ఇనప్పెట్టెకు రెండు తాళాలు, ఇద్దరు మనుషులు. మన రౌటరు పాస్‌వర్డు కూడా అలాగే ఉండాలి. అది బిగించిన కుర్రవాడి ఫోనులో ఉండకూడదు. నాకు తెలిసిన ఒక సంస్థలో అలాగే జరిగింది. ఆ కుర్రవాడు ఉద్యోగం మీద దుబాయి వెళ్లాడు, పాస్‌వర్డు అతనితోనే విమానం ఎక్కింది. చివరికి పెట్టెను మొదటి స్థితికి తెచ్చి అన్నీ మళ్లీ అమర్చవలసి వచ్చింది. పాస్‌వర్డు కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో, బీరువాలో. కవరు విప్పితే తేదీ, సంతకం. ఎన్నికలై కార్యవర్గం మారిన రోజున ఛార్జి లిస్టులో అదొక అంశం. కొత్తవారు పాస్‌వర్డు మార్చి కొత్త కవరు పెట్టాలి. మూడు నెలలకొకసారి సవరణలు వచ్చాయేమో చూసి రిజిస్టరులో రాయాలి. రిజిస్టర్లు రాయడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నోటీసు బోర్డు మీది కాగితం మాత్రం ఈ సభ ముగిశాక నేనే చింపుతాను, అనుమతి ఇవ్వండి.

కోశాధికారి గారి ప్రశ్నకు వస్తాను. మూడో కొటేషను నా సిఫారసు, ఉన్నదున్నట్టుగా కాదు. అందులో 24 తీగల స్విచ్చి రాశారు, మనకు ఎనిమిది తీగలది చాలు. బేరమాడగా మొత్తం 22,600కు దిగింది. బ్యాటరీ కలిపితే 25,000 లోపు. ఈ డబ్బు సంక్షేమ నిధి నుంచి ఖర్చుగా కాక అప్పుగా తీసుకుందాం. పైన హాలు ఏడాదికి నలభై ఫంక్షనులకైనా ఇస్తున్నాం. ఇంతకాలం వై-ఫై ఊరికే ఇచ్చాం. ఇకమీదట కావలసినవారికి పూటకు 300 రూపాయలు. ఏడాదికి 12,000 వస్తుంది, రెండేళ్లు తిరిగి కాస్త ముందుకు వెళ్లేసరికి నిధికి నిధి తిరిగి చేరుతుంది. ఆ తరువాత వచ్చేది కనెక్షను బిల్లుకు సరిపోతుంది. ఎవరూ వద్దంటే? అప్పుడు పైన రద్దీ ఉండదు, కింద మన పని సాఫీగా జరుగుతుంది. రెండు విధాలా మనకు నష్టం లేదు.

ఉచిత పెట్టెను కూడా వదులుకోనక్కర్లేదు. గాజు తీగ వచ్చి ఆగడానికి అది ఎలాగూ ఉండాలి. దాని వై-ఫై ఆపేసి, దాని వెనక మన రౌటరు పెడతాం.

ఇళ్లకు వెళ్లాక మీరు చేయగలిగినవి రెండు ఉన్నాయి. పిల్లలు ఊళ్లో ఉంటే వాళ్లచేత, లేకపోతే వీడియో కాలులో వాళ్లు చెబుతుంటే మీరే చేయండి. పెట్టె అడుగున అంటించి వచ్చిన పాస్‌వర్డులు, వై-ఫైదీ, లోపలి అమరికలదీ, రెండూ మార్చండి. కొత్తది మీ పుట్టిన తేదీ కాకూడదు, మనవరాలి పేరూ కాకూడదు. నాలుగు సంబంధం లేని తెలుగు మాటలు కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. రెండోది, ఇంటికి వచ్చినవాళ్లకు అతిథి వై-ఫై వేరే పెట్టే వీలు మీ పెట్టెలో ఉందేమో చూడండి. అర్థం కాకపోతే శనివారం సాయంత్రాలు నేను కార్యాలయంలోనే ఉంటాను. పెట్టె మోసుకుని రావద్దు, దాని అడుగున ఉన్న కాగితం ఫోటో తీసి తీసుకురండి.

ముసాయిదా తీర్మానం కార్యదర్శి గారి దగ్గర ఉంది. 80 దాటినవారికి లైఫ్ సర్టిఫికెట్లు అక్టోబరు 1 నుంచే మొదలవుతాయి. తీగ లాగడానికి రెండు రోజులు, అమర్చడానికి ఒక రోజు, తప్పులు చూసుకోవడానికి ఒక వారం కావాలి. సామాను రావడానికి పది రోజులు పడుతుందని షాపువారు చెప్పారు. కాబట్టి సభవారు ఈ రోజే తేల్చి, రేపు ఆర్డరు పంపేలా చూడాలని కోరుతున్నాను. ప్రశ్నలుంటే అడగండి. కోశాధికారి గారు అప్పుడే లేచి నిలబడ్డారు, ముందు వారికే మైకు ఇస్తున్నాను.